కాస్త కారు తీయాలండీ

విశాఖపట్నం సీతమ్మధారలో కొండవాలున కట్టిన గిరిజా రెసిడెన్సీ సెల్లార్‌లో పార్కింగ్ గీతలు పద్దెనిమిది, కార్లు ఇరవై ఆరు. మిగతా ఎనిమిదీ ఎక్కడ పెడతారని కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే వాచ్‌మన్ సన్యాసిరావు నవ్వేవాడు. "ఎనకాల పెడతారు బాబూ. ఒకలెనకాల ఒకలు. మరేటి సేస్తాం?" అనేవాడు. అలా వెనకాల పెట్టేవాళ్లు పాటించే మర్యాద ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ వేయకూడదు, గేరు న్యూట్రల్‌లో వదిలేసి వెళ్లాలి. ముందున్నవాళ్లకు బయటికి పోయే పని పడితే వెనకున్న బండిని రెండు చేతులా తోసుకుని దారి చేసుకుంటారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. న్యూట్రల్‌లో వదిలాడంటేనే తోసుకోమని అర్థం. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు గానీ, రాసిపెట్టిన వాటికన్నా బాగా నడిచేది.

ఈ మర్యాద చెల్లని చోటు సెల్లార్ మొత్తానికీ ఒక్కటే. మూడో అంతస్తులో ఉండే కృపాకర్ కారు వెనక నేల ఏటవాలు. అక్కడ న్యూట్రల్‌లో వదిలితే బండి తనంతట తాను నడుచుకుంటూ పోయి గోడ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను పలకరిస్తుంది. ఆ చోటు నాలుగో అంతస్తు ఇందుమతిది. ఆవిడ హ్యాండ్ బ్రేక్ వేయక తప్పదు, కృపాకర్ రోజూ పొద్దున్న ఎనిమిదీ ఇరవైకి ఇంటర్‌కమ్‌లో ఆవిడను పిలవక తప్పదు.

"కాస్త కారు తీయాలండీ."

"ఒక్కరోజు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తే మీ ఆఫీసు కూలిపోతుందా?"

"కూలదండీ. నన్నే లోపలికి రానివ్వరు."

"ఈ గోల నాకెప్పుడు వదుల్తుందో. వస్తున్నా ఉండండి."

రెండేళ్లపాటు ఈ నాలుగు మాటల్లో పెద్ద మార్పు లేదు. ఇందుమతి జుట్టు మీద హెడ్‌ఫోన్ నొక్కుడు గుర్తుతో, ఒక్కోసారి చెరో రకం చెప్పులతో దిగేది. నలభై ఆరేళ్లుంటాయి. ఇంట్లోనే కూర్చుని, ఎక్కడెక్కడి డాక్టర్లో మాట్లాడి పంపిన రికార్డులు విని టైపు చేసే పని. ఒంటరిగా ఉంటుంది. కారు వెనక్కి తీస్తూ, అద్దం దించి, ఆ రోజు విన్న జబ్బు గురించి ఒక ముక్క చెప్పేది. "ఇవాళ ఒకాయనకు మోకాలు మార్చారండీ. పాత మోకాలు ఏం చేశారో మాత్రం రాయలేదు." కృపాకర్ నవ్వేవాడు. ఆయనకు నలభై మూడు. పెళ్లి మూడేళ్లకే విడిపోయింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడే పని లేదు, ఆఫీసులో మాట్లాడేదంతా యంత్రాల గురించే. రోజు మొత్తంలో ఆయన నవ్వే నవ్వు దాదాపుగా అదొక్కటే. ఆ సంగతి అప్పట్లో ఆయనకు తెలియదు.

ఒకసారి ఇంటర్‌కమ్ ఎంత మోగినా ఆవిడ ఎత్తలేదు. కృపాకర్ లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కిపోయి తలుపు బాదాడు. తల నిండా షాంపూ నురగతో తలుపు తీసింది. "చచ్చిపోయాననుకున్నారా?" అంది. "అవునండీ" అన్నాడు ఆయన, అబద్ధమాడే తెలివి లేక. "ఇంకా లేదు. పదండి కిందికి" అని ఆ నురగతోనే దిగి కారు తీసింది.

*

కృపాకర్ పనిచేసేది రుషికొండ మీద ఒక మోటారు ప్రయోగశాలలో. తమంతట తాము పార్క్ అయ్యే కార్ల మీదే అక్కడ పని. లోపల తెల్లగీతలు గీసిన మైదానంలో ఆ కార్లు బుద్ధిమంతుల్లా వచ్చి, గీతకు జానెడు దూరంలో నిలబడేవి. ఊళ్లోకి తీసుకొస్తే మాత్రం దిక్కులు చూసేవి. గీతలుండవు. ఉన్నచోట వాటి మీద ఇడ్లీ బండి ఉంటుంది.

"ఈ సదుపాయం ఉందని మురిసిపోయి కొంటారు, వారం రోజులు చుట్టాలకు చూపిస్తారు, తర్వాత మర్చిపోతారు" అన్నాడు డైరెక్టర్ నళినీకాంత్ ఒక సమావేశంలో. "రోజువారీ బతుకులో ఇది పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు కృపాకర్. నాకు ఆ జవాబు కావాలి."

జవాబు కృపాకర్‌కు తన సెల్లార్‌లో దొరికింది. ఒక్క కారు తెలివిగా పార్క్ అయితే ఏం లాభం? మన దగ్గర ఒక కారు కదలాలంటే మూడు కదలాలి. కాబట్టి నేర్పాల్సింది కారుకు కాదు, సెల్లార్‌కు. చిన్నప్పుడు పదిహేను అంకెల పలకలూ ఒక ఖాళీ గడీ ఉన్న ఆటబొమ్మ ఉండేది. పలకల్ని అటూ ఇటూ జరిపి వరస కలపాలి. కార్లన్నీ అలా వాటిలో అవి మాట్లాడుకుని జరగాలి. దానికి ఆయన పెట్టిన పేరు సర్దుబాటు.

ఏడు నెలలు పట్టింది. ఒక రేకుల షెడ్డులో పాత కార్లు ఇరవై ఆరు తెచ్చి పెట్టారు. ప్రతి దాంట్లో సీటు కింద ఒక పెట్టె, స్టీరింగ్ కడ్డీకి ఒక మోటారు, మూడు పెడళ్లకు మూడు, గేరుకూ హ్యాండ్ బ్రేక్‌కూ చెరొకటి, నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. మొదటి నెలలో స్తంభాలుగా నిలబెట్టిన డ్రమ్ములన్నీ సొట్టలు పడ్డాయి. రెండో నెలలో కార్లకు భయం ఎక్కువై ఏదీ కదల్లేదు. ఐదో నెలలో ఒకరోజు ఎర్రకారు బయటికి పోవాలని అడగ్గానే మిగతావి ఒకటొకటిగా పక్కకు జరిగి దారిచ్చి, అది వెళ్లిపోగానే మళ్లీ దగ్గరగా చేరాయి. షెడ్డులో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు.

అసలు కిటుకు ఎవరు జరగాలో తేల్చడంలో ఉంది. పెట్టెలు రెండు వారాలు తమ యజమానుల అలవాట్లు గమనించి, ఎవరు ఏ వేళకు తప్పకుండా బయటికి పోతారో లెక్క కట్టేవి. ఆ లెక్కను బట్టి ప్రతి కారుకూ ఒక అవసర సంఖ్య వచ్చేది. ఎక్కువ సంఖ్య ఉన్న కారు ద్వారం దగ్గర ఉంటుంది, కదలదు. తక్కువ ఉన్నది అందరికీ అడ్డం జరుగుతూ ఉంటుంది. లెక్కప్రకారం అదే న్యాయం.

అసలు పరీక్ష కోసం కృపాకర్ తన అపార్ట్‌మెంట్‌నే ఎంచుకుని, అందరినీ ఒప్పించి ఇరవై ఆరు కార్లకూ పెట్టెలు బిగించాడు. కారు కదిలించే ముందు పెట్టె యజమాని ఫోన్‌కు ఒక మాట పంపేలా పెట్టాడు: మీ కారు కాస్త జరపవచ్చా? సరే అని నొక్కితేనే కారు జరుగుతుంది.

కార్లు జరగడం మొదలైన వారం తిరక్కుండానే ఇంటర్‌కమ్ మోగింది. ఈసారి పిలిచింది ఇందుమతి.

"మీ పెట్టె అడుగుతోందండీ. ఏమనమంటారు?"

"సరే అనండి."

"ఇది పొద్దుట్నుంచి ఐదోసారి. ఇన్నాళ్లూ మీరొక్కరే పీడించేవారు, ఇప్పుడు దీన్ని కూడా నా మీదికి తోలారా? రేపు మళ్లీ అడిగితే నేను నొక్కను. మీరే పైకి వచ్చి బతిమాలుకోవాలి."

ఆవిడ గొంతులో నవ్వుంది. కృపాకర్ విన్నది మాత్రం ఐదోసారి అన్న ముక్కే. పైగా అసోసియేషన్ సెక్రటరీ కామరాజు గారు ఆ సాయంత్రమే ఎదురుపడి నిలదీశారు. "స్నానంలో ఉంటే మోగుతుంది, పూజలో ఉంటే మోగుతుంది. పెట్టెకు తెలివుందన్నారే, అడక్కుండా జరుపుకోలేదా? న్యూట్రల్‌లో పెట్టి వదిలేసినప్పుడు మనల్ని ఎవడైనా అడిగాడా?"

ఆ మాట కృపాకర్‌కు నచ్చింది. నిజమే, పెట్టె బిగించుకున్నవాడు న్యూట్రల్‌లో వదిలినట్టే లెక్క. ఆ రాత్రే కూర్చుని ఆ ప్రశ్నను తీసేశాడు. తీసేస్తున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది కామరాజు గారు కాదు. రెండేళ్లుగా తనవల్ల ఒక మనిషి పని ఆపుకుని నాలుగంతస్తులు దిగుతోంది, ఆ బాధ తప్పించాలి అనుకున్నాడు. పుట్టినరోజుకు ఎవరికైనా ఏదైనా కొనిపెట్టి ఎన్నేళ్లయిందో, అలాంటి సంతోషంతో మర్నాడు ఆయనే ఇంటర్‌కమ్ చేశాడు.

"ఇక మిమ్మల్ని ఎవరూ పీడించరండీ. నేను గానీ, పెట్టె గానీ. అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి."

"మంచిదేనండీ" అంది ఇందుమతి, ఈసారి గొంతులో నవ్వు లేకుండా.

*

అన్నీ నిజంగానే జరిగిపోయాయి. పొద్దున్న కృపాకర్ లిఫ్ట్ దిగేసరికి ఆయన కారు ర్యాంపు మొదట్లో ముఖం బయటికి పెట్టి సిద్ధంగా ఉండేది. సెల్లార్‌లో అరుపులు లేవు, హారన్లు లేవు. కామరాజు గారి బంపర్ మీద పాత గీతలే తప్ప కొత్తది ఒక్కటి పడలేదు. సన్యాసిరావు బండ్లు తోయడం మానేసి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "మడుసులకంటే బళ్లే నయం బాబూ. మాటామాటా నేకుండా సర్దుకుంటన్నాయి" అనేవాడు.

ఇరవై ఆరింటిలోకీ ఎక్కువగా సర్దుకునేది ఇందుమతి కారు. ఆవిడకు ఫలానా వేళకు వెళ్లాల్సిన చోటంటూ లేదు. ఆదివారం సాయంత్రం భీమిలి దాకా ఒక్కతే వెళ్లి, సముద్రం చూసి వచ్చేది, అంతే. కాబట్టి ఆ కారు అవసర సంఖ్య అన్నిటికన్నా అడుగున ఉండేది. పాత బండి కావడంతో వెనక్కి వెళ్లేటప్పుడు పెళ్లి బాజాలాంటి ట్యూను ఒకటి వాయించేది. రోజంతా సెల్లార్‌లో ఎవరికోసమో దారిస్తూ ఆ బాజా మోగుతూనే ఉండేది.

ఇందుమతి మాత్రం కనిపించడం మానేసింది. మొదట్లో కృపాకర్‌కు ఏదో మర్చిపోయి బయల్దేరినట్టు ఉండేది. జేబులు తడుముకునేవాడు. ఫోనుంది, పర్సుంది. దారిలో ఎండాడ దాటాక గానీ తట్టేది కాదు, ఇవాళ ఎవరి మోకాలూ తెలియలేదని. ఒకరోజు ఇంటర్‌కమ్ ఎత్తి నాలుగు సున్నా నొక్కి, ఒకటి నొక్కబోయి ఆగిపోయాడు. ఏమని చెప్పాలి? కారు తీయాలని పిలిచే హక్కు రెండేళ్లు ఉండేది. ఊరికే పిలిచే హక్కు ఎప్పుడూ లేదు. ఒంటరిగా బతికేవాడికి ఇంకొకరి తలుపు కొట్టాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఆ ఉన్న ఒక్క పనినీ తానే ఊడబీకి పారేశాడు. ఆ సంగతి తెలిసి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. రిసీవర్ పెట్టేసి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

అలా మూడు నెలలు గడిచాయి. నవంబరులో తుది నివేదిక అడిగారు. అందులో మొదటి ప్రశ్న నళినీకాంత్‌దే. ఈ సదుపాయం నిత్యజీవితంలో ఉపయోగపడుతోందా? దాని కింద అంకెలు నింపాలి.

మంగళవారం పదకొండు గంటలకు కృపాకర్ ల్యాబ్‌లో కూర్చుని ఆ అంకెలే తీస్తున్నాడు. ఎక్కువసార్లు జరిగిన కారు ఏదో చూపిస్తే బాగుంటుందనిపించింది. అది ఇందుమతిదే అవుతుందని తెలుసు. వారం లెక్క మొదలయ్యే శనివారం నుంచి ఇప్పటివరకు ముప్పై ఆరు సార్లు కదిలింది. మెచ్చుకోవాల్సిన అంకె. దాని పక్క గడిలో డ్రైవరు తలుపు చివరిసారి తెరిచిన తేదీ ఉంటుంది. కృపాకర్ యథాలాపంగా అటు చూశాడు. పోయిన వారం ఆదివారం తేదీ ఉంది. మొన్న ఆదివారం ఆ తలుపు తెరుచుకోనే లేదు.

మూడు నెలల పట్టీ మొత్తం పైనుంచి కిందికి చూశాడు. వానలో కూడా ఆవిడ ఆదివారం మానలేదు. ఇంటర్‌కమ్ అపార్ట్‌మెంట్ లోపలే పనిచేస్తుంది, ఆవిడ ఫోన్ నంబరు ఆయన దగ్గర లేదు. రెండేళ్లలో అడిగే అవసరం రాలేదు. సన్యాసిరావుకు ఫోన్ చేశాడు.

"నాలుగో అంతస్తు అమ్మగారు ఊళ్లో ఉన్నారా?"

"ఉన్నారు బాబూ. ఆరి కారు ఇందాకే కదిలింది. బాజా ఇన్నాను."

"కారు సంగతి కాదు. అమ్మగారిని చూశావా?"

"మనిసిని సూడ్నేదు బాబూ" అన్నాడు సన్యాసిరావు. "అమ్మగోరు పేపరేయించుకోరు. పాలు వారానికి సరిపడా ఓపాలే తెచ్చుకుని ఫ్రిజ్జులో ఎట్టుకుంటారు. కారు తిరగతంది కదా అని..."

"పైకి వెళ్లి తలుపు కొట్టు. బేగి వెళ్లు."

రుషికొండ నుంచి సీతమ్మధార దాకా కారు నడిపింది తానేనో కాదో కూడా కృపాకర్‌కు గుర్తులేదు. గేటు దగ్గర దిగి, కారు తలుపు వెనక్కి తోసేసి మెట్లవైపు పరిగెత్తాడు. వెనక ఆయన కారు తనంతట తానే మెల్లగా సెల్లార్‌లోకి దిగింది. రెండో అంతస్తు మలుపులో ఉండగా కింద బాజా మోగింది. ఆయన కారుకు చోటివ్వడానికి ఇందుమతి కారు వెనక్కి జరుగుతోంది. ఆ మోత వింటూ మిగతా రెండంతస్తులూ ఎక్కాడు.

సన్యాసిరావు గునపంతో తలుపు సందు పెకలిస్తున్నాడు. ఇద్దరూ కలిసి భుజాలతో కుమ్మితే గడియ ఊడింది. హాల్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఫోను అలాగే ఉంది. ఇందుమతి స్నానాల గది నేల మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. చెంబూ బకెట్టూ అందేంత దూరంలో ఉన్నాయి. కృపాకర్ ఆవిడ నోటి దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి తగిలింది.

*

తుంటి ఎముక విరిగింది. శనివారం పొద్దున్న జారిపడి, మూడు రోజులపైన ఆ బకెట్టులో నీళ్లతో బతికింది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు గానీ డాక్టర్లు మాట్లాడనివ్వలేదు. యలమంచిలి నుంచి ఇందుమతి చెల్లెలు సరోజ వచ్చి దగ్గరుంది. కృపాకర్ వెళ్లేసరికి ఆమె మందుల కోసం కిందికి వెళ్లింది.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"నా కారు ఎన్నిసార్లు కదిలిందండీ?" అంది ఇందుమతి. గొంతు ఎండిపోయి ఉంది.

"ముప్పై ఏడు."

"నేను ముప్పై మూడే లెక్కపెట్టాను. మధ్యలో నిద్రపట్టి ఉంటుంది."

కృపాకర్ తల వంచుకున్నాడు.

"ఆ స్నానాల గది కిటికీ సెల్లార్ ర్యాంపు మీదికే కదా. నా అరుపు కిందికి చేరలేదు గానీ, కిందిదంతా నాకు వినిపిస్తుంది. మోగినప్పుడల్లా అనుకున్నాను, ఇదిగో ఇప్పుడు పిలుస్తారు, నేను ఎత్తకపోతే పైకి వచ్చి తలుపు బాదేస్తారు అని. మీరు పిలవడం మానేసి మూడు నెలలైందని నాకు తెలుసు. తెలిసి కూడా ఎదురుచూశాను."

"మీకు విసుగ్గా ఉందని తీసేశానండీ. మీకోసమే తీసేశాను."

"విసుక్కోవడం వేరు, వద్దనడం వేరు. ఆ మాత్రం తెలీదా మీకు?"

ఇందుమతి కళ్లు మూసుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. సరోజ మందులు పట్టుకుని వచ్చేదాకా అలాగే కూర్చుని, వెళ్లొస్తానని చెప్పి లేచాడు.

*

ఆదివారం సెల్లార్‌లో అసోసియేషన్ సమావేశం పెట్టారు. అందరూ నిజంగానే బాధపడ్డారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పక్కింట్లో ఉంటూ చూసుకోలేకపోయామన్నారు కామరాజు గారు. కృపాకర్ లేచి, కారు కదిలే ముందు అడిగే ప్రశ్నను మళ్లీ పెడతానన్నాడు. కామరాజు గారే ముందుగా అందుకున్నారు.

"దానికీ దీనికీ ఏం సంబంధమండీ? ఒంటరిగా ఉండేవాళ్ల కోసం ఇంట్లో కదలికలు కనిపెట్టే పెట్టె ఏదో వస్తుందట. అది పెట్టిద్దాం. పార్కింగ్ ఎందుకు పాడుచేసుకోవడం?"

అందరికీ అదే సబబుగా తోచింది. చేతులెత్తారు. ఇందుమతిని చూడటానికి ఆసుపత్రికి ఎవరెవరు వెళ్తారో కూడా అనుకున్నారు, తలా ఒక రోజని.

ల్యాబ్‌లో నళినీకాంత్ అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. "ప్రశ్న పెడదాం కృపాకర్. కావాలనుకున్నవాళ్లు పెట్టుకుంటారు, అక్కర్లేనివాళ్లు మానేస్తారు. అమ్మేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఆపేసే ఇద్దాం. లేకపోతే ఎవరూ కొనరు."

"ఆపేసి ఇస్తే ఎవరూ వెతుక్కుని పెట్టుకోరు సార్."

"అంటే ఎవరికీ అక్కర్లేదనేగా?"

కృపాకర్ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నివేదికలో మొదటి ప్రశ్న ఇంకా ఖాళీగానే ఉంది. ఉపయోగం లేదని రాయబోయాడు గానీ చెయ్యి రాలేదు. అబద్ధం అవుతుంది. ఆ పెట్టె ఏం చేస్తానందో అదే చేసింది, ఒక్క గీత పడకుండా చేసింది. ఉపయోగపడుతోంది అని రాసి సంతకం పెట్టాడు. పెట్టి, తన కారులోని పెట్టెను తానే విప్పుకుని స్టోరులో అప్పగించాడు.

*

ఇందుమతిని సరోజ యలమంచిలి తీసుకుపోయింది. నెల తర్వాత ఒక ఆదివారం కృపాకర్ చూడటానికి వెళ్లాడు. సరోజ వాళ్లది ఇరుకు సందు. ఇంటి పక్కన అరుగుకీ కరెంటు స్తంభానికీ మధ్య ఒక కారు పట్టే జాగా ఉంది. కృపాకర్ వెనక్కి పెట్టబోయాడు, కుదరలేదు. ముందుకు తీసి మళ్లీ పెట్టబోయాడు, చక్రం కాలవ అంచుకు పోయింది. ఇరవై ఏళ్లుగా కార్లకు పార్కింగ్ నేర్పుతున్న మనిషికి చెమటలు పట్టాయి.

ఎవరూ పిలవకుండానే సందులోని జనం బయటికొచ్చారు. లుంగీ కట్టుకున్న పెద్దాయన ఒకడు కారు వెనక నిలబడి డిక్కీ మీద చరుస్తూ, "రానీ... రానీ... ఇంకా రానీ" అంటున్నాడు. ఇంకొకావిడ వాకిట్లోంచి, "ఆ మాట ఇనకండి బాబూ, కుడేపుకి తిప్పండి" అంటోంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఐదు నిమిషాల తర్వాత కారు వంకరగా నిలబడింది. అందరూ తామే పెట్టించినట్టు తృప్తిగా చూసి లోపలికి పోయారు.

ఇందుమతి కిటికీ పక్కన మంచం మీద దిండ్లకు ఆనుకుని అంతా చూస్తూ ఉంది.

"మీకు కారు వెనక్కి పెట్టడం రాదా?"

"రాదండీ."

ఆవిడ పెద్దగా నవ్వింది, నవ్వితే తుంటి నొప్పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సరోజ లోపల్నుంచి కేకేసింది. "నవ్వకే బాబూ, తుంటి కదిలిపోతుందంటే వినవు కదా! పొద్దుట్నుంచి ఇదే. మాత్ర వేసుకోమంటే వేసుకోదు, కదలకంటే కదులుతుంది."

కాఫీ తాగారు. డాక్టరు ఏమన్నాడో, ఎప్పటికి నడవగలదో మాట్లాడుకున్నారు. కృపాకర్ గ్లాసు కింద పెట్టి, రోడ్డు పొడవునా మనసులో అనుకుంటూ వచ్చిన మాట అన్నాడు.

"విశాఖ వచ్చేయండి. ఇకనుంచి రోజూ పిలుస్తానండీ. కారు పనున్నా లేకపోయినా పిలుస్తాను."

వంటింట్లో సరోజ ఎవరినో తిడుతోంది.

"మీరు పిలుస్తారు. నాకు నమ్మకముంది" అంది ఇందుమతి నెమ్మదిగా. "కానీ నాకిక్కడ ఎవరూ గుర్తుపెట్టుకుని పిలవక్కర్లేదండీ. నేను కాళ్లు చాపితే మా సరోజకు అడ్డం, మంచం జరిపితే మా మరిదికి అడ్డం. రోజుకు పదిసార్లు తిట్టించుకుంటున్నాను. ఆ ఫ్లాట్ ఖాళీ చేసేస్తున్నాను. కారు అమ్మేయమని మరిదికి చెప్పాను."

కృపాకర్ సరేనన్నాడు. ఇంకేం అనగలడు? కాసేపుండి లేచాడు. ఆవిడ జాగ్రత్తగా వెళ్లమంది, ఈసారి ముందుకే పోవాలి కాబట్టి భయం లేదంది. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ సరిగా రాలేదు.

బయటికొస్తే ఆయన కారుకు అడ్డంగా ఒక ఆటో ఉంది. ఆటో అతను సందు మలుపులో టీ కొట్టు దగ్గర నిలబడి, చేతిలో గ్లాసుతోనే కేకేశాడు.

"తీసీమంటారేటి సార్?"

కృపాకర్ కారు తలుపు తీసి లోపల కూర్చున్నాడు. ఇంజను వేయలేదు. అద్దం దించాడు.

"నువ్వు నిదానంగా తాగి రా బాబూ. నేను వెళ్లాల్సిన చోటేం లేదు."